విశ్వవిద్యాలయ పేటెంట్లు వాడుకలోకి వచ్చేదెలా?

1980కి ముందు అమెరికాలో ప్రభుత్వ నిధులతో జరిగిన పరిశోధనల నుంచి పుట్టిన ఆవిష్కరణల మీద హక్కులు చాలావరకు ప్రభుత్వానికే చెందేవి. అలా ప్రభుత్వం చేతిలో పోగుపడిన పేటెంట్లు దాదాపు 28,000 కాగా, వాటిలో లైసెన్సు పొంది వ్యాపారంలోకి వెళ్లినవి ఐదు శాతం కూడా లేవు. ఎవరు అడిగినా దొరికే హక్కు మీద పెద్ద పెట్టుబడి పెట్టడానికి కంపెనీలు వెనకాడాయి. ఒక సంస్థ ఏళ్ల తరబడి ఖర్చు భరించి వస్తువును మార్కెట్‌కు తెచ్చిన తర్వాత, పోటీదారు అదే లైసెన్సుతో అదే వస్తువును తయారుచేయగలిగితే ఆ ఖర్చుకు రక్షణ ఉండదు. ఈ చిక్కును విడదీయడానికి సెనేటర్లు బర్చ్ బై, బాబ్ డోల్ ప్రతిపాదించిన చట్టం 1980 డిసెంబరులో ఆమోదం పొందింది. దాని ప్రకారం విశ్వవిద్యాలయాలు తమ పరిశోధకుల ఆవిష్కరణల మీద హక్కులను తామే ఉంచుకోవచ్చు, లైసెన్సులు ఇవ్వవచ్చు. వచ్చిన ఆదాయంలో ఒక భాగాన్ని ఆవిష్కర్తలకు పంచి, మిగిలినదాన్ని పరిశోధనకూ విద్యకూ వినియోగించాలి. తర్వాతి దశాబ్దాల్లో చాలా దేశాలు ఇదే పద్ధతిని ఏదో ఒక రూపంలో అనుసరించాయి.

అయితే హక్కు చేతికి రావడం వేరు, ఆ హక్కు వెనుక ఉన్న జ్ఞానం వాడుకలోకి రావడం వేరు. ఈ తేడాను పట్టించుకోని విశ్వవిద్యాలయాలు పేటెంట్ల సంఖ్యను వార్షిక నివేదికల్లో ప్రకటించుకుంటూ ఉంటాయే గాని, ఆ పేటెంట్లను అడిగేవారు కనిపించరు. దీనికి ప్రధాన కారణం విశ్వవిద్యాలయ ఆవిష్కరణ స్వభావంలోనే ఉంది. అమెరికాలోని 62 విశ్వవిద్యాలయాలను పరిశీలించి రిచర్డ్ జెన్సెన్, మేరీ థర్స్‌బీ 2001లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, లైసెన్సు ఇచ్చే నాటికి నాలుగింట మూడొంతులకు పైగా ఆవిష్కరణలు సూత్రం పనిచేస్తుందని చూపే దశను దాటలేదు. దాదాపు సగానికి నమూనా కూడా తయారు కాలేదు. ఆవిష్కర్త స్వయంగా తోడు నిలిస్తే తప్ప ముందుకు సాగనివి 71 శాతం. అంటే కంపెనీ కొంటున్నది తయారైన వస్తువును కాదు, ఒక అవకాశాన్ని. ఆ అవకాశంలో ముఖ్యమైన భాగం పేటెంటు పత్రంలో కాక పరిశోధకుల అనుభవంలో, వారి ప్రయోగశాల నోట్సులో, ఏ ప్రయత్నాలు విఫలమయ్యాయన్న వారి ఎరుకలో ఉంటుంది. విశ్వవిద్యాలయ మేధో సంపత్తిని అమ్మకపు సరుకుగా చూసే ప్రతి విధానమూ ఈ వాస్తవం దగ్గరే దెబ్బతింటుంది.

కాబట్టి ఈ వ్యవహారంలో ఫలితాన్ని నిర్ణయించేవి పెద్ద ప్రకటనలు కావు. హక్కు ఎవరిదన్న రాత, పేటెంటు దరఖాస్తు ఏ తేదీన దాఖలైంది, లైసెన్సును ఎంత విస్తృతంగా ఏ షరతులతో ఇచ్చారు, పరిశోధకుడిని ఒప్పందంలో ఎలా భాగస్వామిని చేశారు అన్న తొలి నిర్ణయాలే ఆ తర్వాతి ఇరవై ఏళ్లను శాసిస్తాయి.

యాజమాన్యం సంగతి చూస్తే, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికీ రోష్ అనే మందుల కంపెనీకీ మధ్య నడిచిన వ్యాజ్యం అందరూ చదవవలసిన పాఠం. స్టాన్‌ఫర్డ్‌లో చేరిన ఒక పరిశోధకుడు తన ఆవిష్కరణలను విశ్వవిద్యాలయానికి బదిలీ చేస్తానని ఒప్పుకుంటూ సంతకం చేశాడు. తర్వాత డీఎన్ఏకు పెద్ద సంఖ్యలో నకళ్లు తీసే పీసీఆర్ పద్ధతి నేర్చుకోవడానికి సీటస్ అనే కంపెనీకి వెళ్లినప్పుడు, అక్కడి సందర్శకుల పత్రం మీద కూడా సంతకం పెట్టాడు. మొదటి పత్రం భవిష్యత్తులో చేయబోయే బదిలీకి హామీ మాత్రమే. రెండో పత్రం మాత్రం హక్కులను ఆ క్షణంలోనే కంపెనీకి రాసిచ్చేసింది. హెచ్ఐవీ పరిమాణాన్ని కొలిచే పద్ధతి మీద ఉన్న ఆ హక్కులు సీటస్ నుంచి రోష్ చేతికి వెళ్లాయి. ప్రభుత్వ నిధులతో జరిగిన పరిశోధన కనుక హక్కు తనదేనని స్టాన్‌ఫర్డ్ వాదించింది. ఆవిష్కరణ మొదట ఆవిష్కర్తకే చెందుతుందనీ, 1980 నాటి చట్టం దాన్ని దానంతటదే విశ్వవిద్యాలయానికి బదిలీ చేయదనీ అమెరికా సుప్రీంకోర్టు 2011లో తేల్చిచెప్పింది. అప్పటినుంచి అక్కడి విశ్వవిద్యాలయాలు తమ ఉద్యోగ ఒప్పందాలను తక్షణ బదిలీ జరిగేలా తిరిగి రాసుకున్నాయి. అతిథి పరిశోధకులు, జీతం తీసుకోని విద్యార్థులు, పరిశ్రమ నిధులతో పనిచేసే బృందాలు ఉన్న చోట ఈ రాత స్పష్టంగా లేకపోతే, పెట్టుబడిదారుల న్యాయవాదులు పరిశీలన మొదలుపెట్టిన మొదటి వారంలోనే బేరం ఆగిపోతుంది.

రెండోది తేదీ. పరిశోధకుడికి ప్రచురణ ప్రాణం; పేటెంటుకు ముందస్తు ప్రచురణ ప్రాణాంతకం. ఐరోపా పేటెంటు విధానంలో దరఖాస్తుకు ముందు ఆ విషయం ఎక్కడ బయటపడినా, అది పరిశోధకుడి సొంత ప్రసంగమే అయినా, కొత్తదనం పోయినట్టే లెక్క. మినహాయింపులు చాలా ఇరుకైనవి. అమెరికా, జపాన్ వంటి దేశాలు ఆవిష్కర్త స్వయంగా బయటపెట్టిన విషయానికి ఏడాది వెసులుబాటు ఇస్తాయి. అందుచేత సిద్ధాంత వ్యాసం గ్రంథాలయంలో చేరకముందే, సదస్సులో పోస్టరు వేలాడకముందే, ఆవిష్కరణ గురించి విశ్వవిద్యాలయంలో పేటెంట్లు, లైసెన్సుల పని చూసే సాంకేతిక బదిలీ కార్యాలయానికి తెలియాలి. ఇది పరిశోధకుల నోరు కట్టేసే నిబంధన కానక్కరలేదు. దరఖాస్తును కొద్ది వారాల్లో సిద్ధం చేయగల కార్యాలయం ఉన్నచోట ప్రచురణ ఆగదు. నెలల తరబడి ఫైలు కదలని చోట మాత్రం పరిశోధకుడు విసిగిపోయి ముందుగా ప్రచురిస్తాడు, ఆ తప్పు అతడిది కాదు.

ఈ రెండు అంశాలతో పాటు లైసెన్సు రూపకల్పన ఎంత కీలకమో చూపే ఉదాహరణ ఒకటుంది. దాన్ని కాస్త వివరంగా చెప్పుకోవాలి. స్టాన్‌ఫర్డ్‌కు చెందిన స్టాన్లీ కోహెన్, శాన్ ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన హెర్బర్ట్ బోయర్ కలిసి డీఎన్ఏ ముక్కలను అతికించి బ్యాక్టీరియాలో పునరుత్పత్తి చేసే పద్ధతిని 1973 నవంబరులో ప్రచురించారు. వారికి పేటెంటు ఆలోచనే లేదు. ఆ పరిశోధన గురించి 1974లో పత్రికలో వచ్చిన వార్త చూసి, స్టాన్‌ఫర్డ్ లైసెన్సింగ్ కార్యాలయాన్ని 1970లో నెలకొల్పిన నీల్స్ రైమర్స్ వారిని ఒప్పించాడు. ఏడాది వెసులుబాటు ముగియడానికి వారం ముందు అమెరికాలో దరఖాస్తు దాఖలైంది. ప్రచురణ అప్పటికే జరిగిపోయింది కనుక మిగతా దేశాల్లో హక్కులు పోయాయి. మొదటి పేటెంటు 1980 డిసెంబరులో మంజూరైంది.

అప్పుడు స్టాన్‌ఫర్డ్ ముందు రెండు దారులున్నాయి. ఒకే కంపెనీకి ఏకైక హక్కు ఇచ్చి పెద్ద మొత్తం అడగడం ఒకటి; అడిగినవారందరికీ తక్కువ ధరకు ఇవ్వడం రెండోది. ఈ పద్ధతి ఒక వస్తువు కాదు, వందల వస్తువుల తయారీకి పునాది. అదనపు అభివృద్ధి లేకుండానే ఏ ప్రయోగశాలైనా దాన్ని వాడుకోగలదు. అలాంటి దానికి ఏకైక హక్కు ఇస్తే పెట్టుబడికి రక్షణ కలగకపోగా మొత్తం రంగమే ఒకరి చేతిలో చిక్కుకుంటుంది. స్టాన్‌ఫర్డ్ రెండో దారి ఎంచుకుంది. ప్రారంభంలో 10,000 డాలర్లు, ఆపై ఏటా 10,000 డాలర్లు, అంతిమ ఉత్పత్తుల అమ్మకాల మీద అర శాతం నుంచి ఒక శాతం రాయల్టీ. లాభాపేక్ష లేని పరిశోధనకు ఏ రుసుమూ లేదు. 1981 డిసెంబరు మధ్యలోగా సంతకం చేసినవారికి ఆ తొలి చెల్లింపులకంటే ఎక్కువ మొత్తాన్ని భవిష్యత్తు రాయల్టీల్లో తగ్గిస్తామని చెప్పడంతో, గడువులోగా 73 కంపెనీలు చేరాయి. పేటెంటును కోర్టులో సవాలు చేయడానికి అయ్యే ఖర్చుకంటే లైసెన్సు చవక కనుక వ్యాజ్యం పెట్టే అవసరం ఎవరికీ రాలేదు. 1997లో పేటెంటు గడువు తీరే నాటికి లైసెన్సులు 468కి, రెండు విశ్వవిద్యాలయాల మొత్తం ఆదాయం దాదాపు 25.5 కోట్ల డాలర్లకు చేరాయి. మానవ ఇన్సులిన్ మొదలుకొని ఆ పద్ధతి మీద ఆధారపడిన ఉత్పత్తుల విలువతో పోలిస్తే ఆ ఆదాయం చిన్నది. నిజానికి ఆ ఒప్పందం గొప్పతనం అదే: విశ్వవిద్యాలయం అడిగినది తక్కువ కనుకనే రంగం పెరిగింది, రంగం పెరిగింది కనుకనే ఆ తక్కువ కూడా పెద్ద మొత్తమైంది.

దీన్నిబట్టి ఏకైక హక్కు ఎప్పుడూ తప్పని అనుకోకూడదు. కొత్త మందు అణువు విషయంలో పరిస్థితి పూర్తిగా వేరు. అక్కడ జంతు ప్రయోగాలు, మూడు దశల మానవ పరీక్షలు, అనుమతులు అన్నీ కలిసి పదేళ్లు దాటే పని. ఏకైక హక్కు లేనిదే ఆ భారాన్ని ఎవరూ తలకెత్తుకోరు. నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ సిల్వర్‌మన్ ప్రయోగశాలలో పుట్టిన ప్రెగాబలిన్ అణువు లిరికా అనే మందుగా రోగులకు చేరింది ఈ దారిలోనే. ఆ రాయల్టీలో కొంత భాగాన్ని 2007లో విశ్వవిద్యాలయం 70 కోట్ల డాలర్లకు అమ్ముకోగలిగింది. అయితే ఏకైక హక్కు ఇచ్చినప్పుడు కూడా దాన్ని ఏ రంగానికి, ఏ భూభాగానికి, ఏ కాలానికి పరిమితం చేశారన్నది చూడాలి. ఒకే సెన్సర్ సాంకేతికతను వైద్య పరికరాలకు ఒకరికి, వ్యవసాయానికి మరొకరికి ఇవ్వవచ్చు. మొత్తం హక్కును ఒక్కరికే ధారపోస్తే, ఆ సంస్థకు ఆసక్తి లేని రంగాలన్నీ పేటెంటు గడువు తీరేదాకా బీడుపడి ఉంటాయి.

అంతకంటే ముఖ్యమైనవి వినియోగ షరతులు. లైసెన్సు తీసుకున్న సంస్థ ఏ తేదీలోగా నమూనా తయారుచేయాలి, ఎప్పటిలోగా పరీక్షలు మొదలుపెట్టాలి, ఏటా ఎంత ఖర్చుపెట్టాలి అన్న మైలురాళ్లు ఒప్పందంలో ఉండాలి. అవి దాటకపోతే హక్కు తిరిగి విశ్వవిద్యాలయానికి రావాలి. పోటీ సాంకేతికతను పక్కనపెట్టి ఉంచడానికే లైసెన్సు తీసుకునే సంస్థలూ ఉంటాయి కాబట్టి ఈ షరతు లేని ఏకైక లైసెన్సు ప్రజాధనంతో జరిగిన పరిశోధనకు చేసే అన్యాయమే. అలాగే సొంత పరిశోధనకూ, ఇతర లాభాపేక్ష లేని సంస్థల పరిశోధనకూ ఆ సాంకేతికతను వాడుకునే హక్కును విశ్వవిద్యాలయం తన దగ్గర ఉంచుకోవాలి. 2007లో అమెరికాలోని ప్రముఖ పరిశోధన విశ్వవిద్యాలయాలు కలిసి ప్రకటించిన తొమ్మిది సూత్రాల్లో మొదటిది ఇదే.

షరతులు రాసుకోకపోతే ఏమవుతుందో యేల్ విశ్వవిద్యాలయానికి 2001లో తెలిసివచ్చింది. స్టావుడిన్ అనే మందు హెచ్ఐవీ మీద పనిచేస్తుందని కనిపెట్టినది యేల్ పరిశోధకులే. దాని మీద ఏకైక లైసెన్సు బ్రిస్టల్-మైయర్స్ స్క్విబ్ కంపెనీది. దక్షిణాఫ్రికాలో చవకైన జెనరిక్ మందును అనుమతించాలని వైద్య సహాయ సంస్థ ఒకటి యేల్‌ను కోరినప్పుడు, ఒప్పందం కంపెనీ చేతిలో ఉన్నందున తాను ఏమీ చేయలేనన్నది విశ్వవిద్యాలయం తొలి జవాబు. విద్యార్థులూ, ఆ మందు పరిశోధనలో పాలుపంచుకున్న విలియం ప్రూసాఫ్ కూడా ఆ కోరికకు మద్దతుగా నిలిచాక, కంపెనీ అక్కడ పేటెంటును అమలు చేయబోనని ప్రకటించి ధర తగ్గించింది. పేద దేశాలకు మందు అందుబాటులో ఉంచాలన్న నిబంధనను లైసెన్సు నాడే రాసి ఉంటే అంత పోరాటం అక్కరలేకపోయేది. ఇందుకు చాలా ముందే మంచి ఆదర్శం ఒకటుంది. 1923లో ఇన్సులిన్ పేటెంటు హక్కులను ఆవిష్కర్తలు ఒక్కొక్క డాలరుకు టొరంటో విశ్వవిద్యాలయానికి ఇచ్చేశారు. విశ్వవిద్యాలయం ఆ హక్కును డబ్బు కోసం కాక, తయారీదారుల సరుకు నాణ్యతను పరీక్షించి నియంత్రించడానికీ, ఎవరూ గుత్తాధిపత్యం చెలాయించకుండా చూడటానికీ వాడుకుంది. పేటెంటు అంటేనే ప్రజాప్రయోజనానికి విరుద్ధమని వాదించేవారికి ఆ ఉదాహరణ గట్టి సమాధానం.

లైసెన్సు తీసుకునే కంపెనీ దొరకనప్పుడు, లేదా పరిశోధకుడే ముందుకు వచ్చినప్పుడు కొత్త సంస్థ పెట్టడం మరో మార్గం. ఇందులో రాయల్టీ కంటే ఆ సంస్థ యాజమాన్యంలో వాటా ముఖ్యమవుతుంది, ఎందుకంటే కొత్త సంస్థ దగ్గర చెల్లించడానికి నగదు ఉండదు. వెబ్ పేజీలను ప్రాముఖ్యాన్ని బట్టి వరుసపెట్టే పేజ్‌ర్యాంక్ పద్ధతి పేటెంటుకు లైసెన్సు ఇచ్చినందుకు గూగుల్ నుంచి స్టాన్‌ఫర్డ్ అందుకున్న 18 లక్షల షేర్లు తర్వాత 33.6 కోట్ల డాలర్లు తెచ్చాయి. అయితే ఇలాంటి కథలు విన్న విశ్వవిద్యాలయాలు ఆశపడి పెద్ద వాటా అడగడమే ఎక్కువ నష్టం చేస్తుంది. బ్రిటన్‌లో కొన్ని విశ్వవిద్యాలయాలు ఒకప్పుడు సగం దాకా వాటా తీసుకునేవి. వ్యవస్థాపకుల చేతిలో తగినంత మిగలని సంస్థలో తర్వాతి విడత పెట్టుబడి పెట్టడానికి ఎవరూ ఇష్టపడరు. నాలుగైదు విడతల తర్వాత వ్యవస్థాపకుడికి పనిచేయాలన్న ఉత్సాహమే ఉండదు. ఈ విమర్శల ఫలితంగా 2023లో అక్కడి విశ్వవిద్యాలయాలూ పెట్టుబడి సంస్థలూ కలిసి రూపొందించిన మార్గదర్శకం, మేధో సంపత్తి మీద బాగా ఆధారపడే సంస్థల్లో 10 నుంచి 25 శాతాన్ని, సాఫ్ట్‌వేర్ వంటి వాటిలో అంతకంటే తక్కువను సూచించింది. శాతం ఎంతన్నదాని కంటే అది ముందే ప్రకటితమై ఉండటం మేలు. ప్రతి ఒప్పందాన్నీ మొదటినుంచి బేరమాడుతూ ఏడాది గడిపితే, మార్కెట్ ఆ సంస్థ కోసం ఆగదు.

డబ్బు విషయంలో ఉన్న భ్రమను కూడా తొలగించుకోవాలి. బ్రూకింగ్స్ అనే అమెరికా విధాన పరిశోధన సంస్థ 2013లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, అంతకుముందు ఇరవై ఏళ్లలో సగటున 87 శాతం అమెరికన్ విశ్వవిద్యాలయాల సాంకేతిక బదిలీ కార్యాలయాలకు తమ ఖర్చు కూడా తిరిగి రాలేదు. 2012లో మొత్తం లైసెన్సు ఆదాయంలో సగం ఎనిమిది విశ్వవిద్యాలయాలకే వెళ్లింది. ఒకటి రెండు భారీ పేటెంట్లు దొరికిన చోట తప్ప ఇది ఆదాయ వనరు కాదు. ఈ నిజాన్ని పాలకమండలి ఒప్పుకోకపోతే కార్యాలయం మీద స్వయంపోషకంగా ఉండాలన్న ఒత్తిడి పడుతుంది. అప్పుడది వేగంగా నగదు తెచ్చే ఒకటి రెండు ఆవిష్కరణల వెంటపడి మిగతావాటిని వదిలేస్తుంది, ఉదారంగా ఉండవలసిన ఒప్పందాల్లో పట్టుబడుతుంది, చివరికి వ్యాజ్యాల వైపు మొగ్గుతుంది. హార్డ్ డిస్కుల సాంకేతికత విషయంలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి 2016లో మార్వెల్ అనే చిప్‌ల కంపెనీ నుంచి 75 కోట్ల డాలర్ల పరిష్కారం దక్కిన మాట నిజమే. దాన్ని చూసి ప్రతి విశ్వవిద్యాలయమూ కోర్టును ఆదాయ మార్గంగా భావిస్తే, రేపు పరిశోధనకు నిధులివ్వవలసిన పరిశ్రమే దూరంగా జరుగుతుంది.

మరి ఖర్చు పెట్టవలసింది ఎక్కడ? సూత్రం రుజువైన దశకూ పెట్టుబడిదారుడు నమ్మే దశకూ మధ్య ఉన్న ఖాళీలో. పరిశోధన నిధులు ప్రచురణతో ఆగిపోతాయి. పెట్టుబడి నమూనాతో మొదలవుతుంది. మధ్యలో ఆరు నెలల పనికి, ఒక ఇంజనీరు జీతానికి, కొన్ని పరీక్షలకు డబ్బిచ్చేవారు ఉండరు. ఎంఐటీలో 2002లో మొదలైన దేశ్‌పాండే కేంద్రం ఈ దశకే చిన్న మొత్తాలు ఇస్తూ, వ్యాపార అనుభవం ఉన్నవారిని పరిశోధకులకు సలహాదారులుగా జత చేస్తుంది. అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్ 2011లో ప్రారంభించిన ఐ-కోర్ కార్యక్రమం పరిశోధక బృందాలను ప్రయోగశాల దాటించి, వాడుకదారు కాగలవారిని పదుల సంఖ్యలో కలిసి మాట్లాడేలా చేస్తుంది. ఆ సంభాషణల్లో చాలా ఆలోచనలు వీగిపోతాయి. పేటెంటు మీద, నమూనా మీద పెద్ద ఖర్చు పెట్టకముందే అవి వీగిపోవడం విశ్వవిద్యాలయానికి లాభమే.

పరిశోధకుడి ప్రోత్సాహకం విషయంలో నార్వే అనుభవం గమనించదగ్గది. 2003 దాకా అక్కడి ఆచార్యులకు తమ ఆవిష్కరణల మీద పూర్తి హక్కు ఉండేది. ఆ తర్వాత చట్టం మారి, హక్కులో మూడింట రెండొంతులు విశ్వవిద్యాలయాలకు వెళ్లాయి. దాని పర్యవసానాలను పరిశీలించి ఆర్థికవేత్తలు హ్వీడే, జోన్స్ 2018లో ప్రచురించిన పరిశోధనలో, విశ్వవిద్యాలయ పరిశోధకులు పెట్టే కొత్త సంస్థలూ, వారి పేటెంట్లూ దాదాపు సగానికి పడిపోయాయని తేలింది. సంస్థాగత యాజమాన్యం పనికిరాదని దీని అర్థం కాదు. కార్యాలయానికి నైపుణ్యం లేనప్పుడు, ఆవిష్కర్త వాటా తగ్గినప్పుడు కేవలం యాజమాన్యం మార్చితే ఏమీ ఒనగూరదని మాత్రం స్పష్టం. స్టాన్‌ఫర్డ్ చాలాకాలం పాటించిన పద్ధతిలో, కార్యాలయ ఖర్చులు తీసేశాక మిగిలినదాన్ని ఆవిష్కర్తకు, విభాగానికి, కళాశాలకు సమానంగా పంచేవారు. డబ్బుతో పాటు సమయం కూడా లెక్కలోకి రావాలి. కొత్త సంస్థలో పనిచేయడానికి సెలవు దొరకని, పదోన్నతిలో ఆ పనికి విలువ లేని చోట, ఆవిష్కర్త తోడు నిలవడు; అతడు లేకుండా అటువంటి లైసెన్సుల్లో చాలావాటికి ప్రాణం ఉండదు.

ఇక ఎవరూ తీసుకోని పేటెంట్ల సంగతి. మొదటి దరఖాస్తు ఖర్చు తక్కువే. పన్నెండు నెలలకు అంతర్జాతీయ దరఖాస్తు, ముప్పైయవ నెల సమీపించేసరికి ఏయే దేశాల్లో కొనసాగించాలన్న నిర్ణయం వస్తాయి. అసలు బరువు అక్కడినుంచే మొదలవుతుంది, ఎందుకంటే ప్రతి దేశంలోనూ అనువాదం, న్యాయవాది, నిర్వహణ రుసుము విడివిడిగా భరించాలి. ఆలోగా ఆసక్తి చూపినవారు ఒక్కరూ లేకపోతే, ఆ ఖర్చును కొనసాగించడం గణాంకాల కోసం చేసే పని అవుతుంది. అలాంటి హక్కును ఆవిష్కర్త కోరితే అతడికే తిరిగి రాసిచ్చేయడం, కోరకపోతే దరఖాస్తును వదిలేసి వివరాలన్నీ అందరూ వాడుకునేలా విడుదల చేయడం న్యాయం. ఏ నెలలో, ఏ ఆధారాలతో, ఎవరు ఈ నిర్ణయం తీసుకుంటారో విశ్వవిద్యాలయం తన విధాన పత్రంలో ముందే రాసి ఉంచితే, ఆవిష్కర్త ఏళ్ల తరబడి జవాబు కోసం ఎదురుచూడవలసిన పని ఉండదు. అలా పేటెంటు ఖర్చులో మిగిలిన డబ్బు నమూనా దశలో ఆగిపోయిన మరో ఆవిష్కరణకు చేరుతుంది.